మంచు ముసలి జవాబు

అమీర్‌పేట, హైదరాబాద్
జనవరి

శ్రీమతి పాంగి స్వరాజ్యం గారికి,

నమస్కారం. నేను మీకు తెలియను. నా పేరు భార్గవ్. ఇక్కడ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మీ కథల పుస్తకం ‘మబ్బు కింది ఊళ్లు’ మొన్న పంజాగుట్టలో మెట్రో మెట్ల కింద పాత పుస్తకాలు పరుచుకున్న ఒకాయన దగ్గర దొరికింది. “జర సదివి జూడన్నా, దెయ్యాల కతలు, గుట్టల మీదియి. మస్తుగుంటయ్” అన్నాడు. ఇంటికొచ్చి మొదలుపెట్టిన వాడిని, అన్నానికి లేవలేదు.

సంతలో ఉప్పు కొనుక్కోవడానికి మనిషి వేషంలో వచ్చే పులి, కాఫీ తోటలో మనుషులెవరూ లేకుండా వినపడే గుర్రపు గజ్జెలు, రాతిలోకి నడిచి వెళ్లిపోయిన పెళ్లికూతురు. కొండలూ అడవులూ సినిమాల్లో చూసిందే తప్ప, ఇలా భయపడుతూ ఇష్టపడింది ఎప్పుడూ లేదు. మీకు కృతజ్ఞతలు చెప్పాలనే కలం పట్టాను.

కానీ ఒక సంగతి అడగాలి. ‘మంచు ముసలి’ కథలో, మంచుతో పాటు వీపున బుట్ట కట్టుకుని దిగే ఒక ముసలిది తల్లి గొంతుతో తలుపు తియ్యమంటుంది. అప్పుడు పిల్లలు లోపలినుంచి “ఏం వండావు?” అని అడగాలి. ముసలికి ఉప్పు రుచి తెలియదు కాబట్టి జవాబు చెప్పలేదు. నిజం తల్లయితే “ఉప్పేసిన అంబలి” అంటుంది.

నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఇంట్లో ఉంచి, లోపల గొళ్లెం పెట్టుకోమని చెప్పి కూరలకి వెళ్లేది. వచ్చాక తలుపు కొడితే నేను సరిగ్గా ఇదే అడగాలి. ఆమె సరిగ్గా ఇదే చెప్పాలి. మా ఇంట్లో ఎప్పుడూ అంబలి కాచింది లేదు. ఇది తను అల్లిన ఆటేనని అమ్మ చాలాసార్లు అంది. మరి మీ కథలోకి ఎలా వచ్చింది? తప్పుగా అనుకోకండి. ఎక్కడైనా ఎవరి నోటైనా విన్నారా అని తెలుసుకోవాలని.

పుస్తకం వెనక మీ చిరునామా ఒక్కటే ఉంది. ఫోన్ నంబరు పంపగలరా?

భార్గవ్

*

వెలగపుట్టు, పాడేరు దారి
ఫిబ్రవరి

భార్గవ్ గారికి,

ఉత్తరం అందింది. పుస్తకం మీకు నచ్చినందుకు సంతోషం. నేను ఈ ఊరి బడిలో టీచర్ని. ఇక్కడ సిగ్నల్ రావాలంటే ఊరి పక్క గట్టు ఎక్కాలి. ఎక్కినా, తెలియని వాళ్లతో ఫోన్లో మాట్లాడే అలవాటు నాకు లేదు.

మీరడిగింది పెద్ద రహస్యం కాదు. మా కొండల్లో ముసలమ్మలందరూ పిల్లలకి చెప్పే కథే. చలికాలం పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి చెబుతారు. నేను రాసుకున్నాను, అంతే.

అయితే ఆ ప్రశ్న, ఆ జవాబు మైదానంలో ఒక ఇంట్లో ఎలా నడిచాయన్నది నాకూ వింతగానే ఉంది. మీ అమ్మగారిది ఏ ఊరు? ఎప్పుడైనా మా వైపు ఉన్నారా? ఉద్యోగం ఏమైనా చేశారా? మీకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉన్నారా?

వీలుంటే రాయండి.

పాంగి స్వరాజ్యం

*

అమీర్‌పేట
ఫిబ్రవరి

స్వరాజ్యం గారికి,

మీ ప్రశ్నలు చదివి మా ఆవిడ హరిణి ఒక మాట అంది: “ఈవిడ నీ ప్రశ్నకి జవాబు చెప్పట్లేదు, నిన్నే తవ్వుతోంది.” నాకూ అలాగే అనిపించింది. అయినా రాస్తున్నాను.

మా వాళ్లది కాకినాడ. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. నాన్న చలపతిరావు గారు పోయి చాలా ఏళ్లయింది. అమ్మ విశాఖపట్నం దాటి ఎప్పుడూ వెళ్లలేదట. అడిగాను. అడగ్గానే చెప్పింది. ఆలోచించకుండా చెప్పింది.

మీ కథ ఆమెకి చదివి వినిపించాను. పుస్తకం చేతికి తీసుకుని అట్ట చూసింది. చదవమని నాకే ఇచ్చింది. ముసలి బుట్ట దించే చోటికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు. నీళ్ల చప్పుడు మాత్రం కథ అయ్యేదాకా వినపడింది. తర్వాత వచ్చి “పిచ్చి కథలు. ఇవన్నీ చదివితే నిద్ర పట్టదు” అంది.

ఇంకో సంగతి. మా క్లాసులో తారక్ అని ఒక కుర్రాడున్నాడు, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటాడు, వాళ్లది పాడేరే. అతన్ని అడిగాను. మంచు ముసలి తెలుసన్నాడు. తలుపు దగ్గర ప్రశ్న వేయడం, ఉప్పు, అంబలి, ఇవేమీ ఎప్పుడూ వినలేదన్నాడు. వాళ్ల నాయనమ్మకి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడు. ఆవిడకీ తెలియదు.

కాబట్టి మీ ముసలమ్మలందరూ చెప్పే కథ కాదది. మీరు నాకు నిజం రాయలేదు. ఎందుకు?

భార్గవ్

*

వెలగపుట్టు
మార్చి

భార్గవ్ గారికి,

రాయలేదు. తెలియని మనిషికి ఎంత చెప్పాలో అంతే చెప్పాను. మీరు పట్టుకున్నారు కాబట్టి ఇంకొంచెం చెబుతాను.

ముసలి కథ ఊరందరిదీ. ఆ ప్రశ్నా జవాబూ మా ఇంటివి. మా అమ్మ కల్పించింది. పనికి వెళ్తూ నన్నూ తమ్ముడినీ ఇంట్లో ఉంచి వెళ్లేది కాబట్టి, అడ్డమైన వాళ్లకి తలుపు తియ్యకుండా అలా నేర్పింది. ఒక ఏడు వానాకాలం చలిజ్వరాలు వచ్చి ఆమె పోయింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. ఆ చలికాలమే తమ్ముడు కూడా లేకుండా పోయాడు. పోయాడంటే చనిపోవడం కాదు. నేను నీళ్లకి వెళ్లి వచ్చేసరికి ఇంట్లో లేడు. మా నాన్న బుచ్చయ్య గుమ్మంలో కూర్చుని “మంచు ముసలి ఎత్తుకుపోనాది” అన్నాడు. మరి ముసలికి మా జవాబు ఎవరు చెప్పారని ఏడుస్తూ అడిగాను. చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

నా కథ చివర ఆ ప్రశ్నే ఉంది. చదివిన వాళ్లందరూ భలే ముగింపు అన్నారు. నాకది ముగింపు కాదు.

ఆ జవాబు తెలిసిన వాళ్లు మా ఇంట్లో నలుగురం. బయటివాళ్లలో ఒక్కరే. మా పక్క గదిలో అద్దెకున్న టీచరు. సాయంత్రం మా అమ్మ తలుపు కొట్టేటప్పుడు విని నవ్వుకునేది. తమ్ముడు కనపడకుండా పోయిన రోజు నుంచే ఆమె కూడా కనపడలేదు.

కిందినుంచి వచ్చిన మనిషి. కమల టీచర్ అనేవాళ్లం. మీ ఉత్తరాల్లో మీ నాన్నగారి పేరుంది, మీ ఆవిడ పేరుంది, మీ విద్యార్థి పేరు కూడా ఉంది. మీ అమ్మగారి పేరు లేదు.

స్వరాజ్యం

*

అమీర్‌పేట
ఏప్రిల్

స్వరాజ్యం గారికి,

మా అమ్మ పేరు మీకు అవసరం లేదు.

మీరు దెయ్యాల కథలు బాగా రాస్తారు. ఇదీ అలాంటిదేనని నా అనుమానం. ఒక పాఠకుడు అమాయకంగా ఉత్తరం రాస్తే, అతని ఇంటి సంగతులు ఒక్కొక్కటే లాగి, వాటితో కథ అల్లి, అతని తల్లినే దొంగను చేస్తున్నారు. ఆమెకి డెబ్బై దగ్గర పడుతోంది. పొద్దున్నే లేచి పాలప్యాకెట్ కోసం మెట్లు దిగే మనిషి. పక్క ఫ్లాట్ల పిల్లలందరికీ ఎక్కాలు నేర్పిన మనిషి.

ఇక ఈ ఉత్తరాలు చాలిద్దాం.

మీ తమ్ముడికి అప్పుడు ఎన్నేళ్లు?

భార్గవ్

*

వెలగపుట్టు
ఏప్రిల్

భార్గవ్ గారికి,

రెండు దాటాయి. మాటలు ఇంకా సరిగ్గా రాలేదు. “ఏం వండావు” అనడానికి “ఏమండూ” అనేవాడు.

చాలిద్దాం అని రాసి, కిందనే ఆ ప్రశ్న వేశారు. సంబంధం లేని వాళ్లు వయసు అడగరు.

మీరు నన్ను అనుమానించడం తప్పు కాదు. నేనూ మిమ్మల్ని అనుమానించాను. మొదటి ఉత్తరం చూడగానే, ఆ టీచరే ఎవరి చేతో రాయించి నాకు ఎంత గుర్తుందో కనుక్కుంటోందనుకున్నాను. రెండో ఉత్తరంలో కుళాయి సంగతి చదివాక ఆ అనుమానం పోయింది. ఆమె రాయించి ఉంటే అది ఉండదు.

నిన్న మా నాన్నని మళ్లీ అడిగాను. ముసలివాడైపోయాడు, చెవి సరిగ్గా వినపడదు. కానీ ఈ ప్రశ్న ఎప్పుడూ వినపడుతుంది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. దెయ్యం ఎత్తుకెళ్లిన కొడుకు గురించి అడిగితే తండ్రి ఏడవాలి కదా, ఎందుకు సిగ్గుపడతాడు? ఇన్నేళ్లూ నా అనుమానం అక్కడే ఆగి ఉంది.

నేను మీనుంచి ఏమీ అడగడం లేదు. మీ ఇంట్లో మీ చిన్నప్పటి ఫొటోలు ఉంటాయి. వాటిని ఒకసారి చూడండి. నాకు పంపక్కర్లేదు.

స్వరాజ్యం

*

అమీర్‌పేట
జూన్

స్వరాజ్యం గారికి,

మా అమ్మ పేరు కమలకుమారి.

ఫొటోలు చూశాను. అటక మీంచి పెట్టె దింపి హరిణీ నేనూ అన్నీ తీశాం. మూడేళ్ల పుట్టినరోజు నుంచి ఉన్నాయి. ప్రతి పండక్కీ ఒకటి తీయించారు. అంతకు ముందువి ఒక్కటీ లేవు. పెళ్లి ఫొటోలున్నాయి, సీమంతంది లేదు. “తుఫానులో పోయాయి” అని నా చిన్నప్పుడే అమ్మ చెప్పింది. తుఫానులో పెళ్లి ఆల్బమ్ పోకుండా నావి మాత్రమే పోయాయని ఇన్నేళ్లూ నమ్మాను.

అయినా చాలా రోజులు ఆమెను అడగలేకపోయాను. ఒకే ఇంట్లో తిరుగుతూ, ఆమె ఏం మాట్లాడినా దాని వెనక ఇంకేదో ఉందని వెతుక్కున్నాను. కూర బాగుందా అంటే కూడా. ఆమెకీ తెలిసిపోయింది. నేను గదిలోకి వస్తే టీవీ కట్టేసేది.

పోయిన వారం కంటి పరీక్షకి పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు చుక్కలు వేసి “అమ్మా, కండ్లు తెర్వకు. జర సేపు గట్లనే ఉండు” అని వెళ్లింది. వరసగా కుర్చీల్లో అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. అమ్మ నా పక్కన. నేనేమీ అడగలేదు. తనే మెల్లగా అంది:

“ఏ ఊళ్లో ఉంటోంది ఇప్పుడు?”

“ఎవరమ్మా?”

“స్వరాజ్యం. ఆ పేరు నేనే పెట్టాను, బళ్లో చేర్చేటప్పుడు. ఇంట్లో చిన్నమ్మి అనేవాళ్లు. అట్ట మీద ఆ పేరు చూశాకే కథ చదవమన్నాను.”

కళ్లు మూసుకునే చెప్పింది అంతా. పెళ్లయి ఆరేడేళ్లయినా పిల్లల్లేరు. నాన్నకి కాకినాడలో ఉద్యోగం, తనకి మీ ఊళ్లో. మీ అమ్మగారు పోయాక పిల్లాడికి అదే జ్వరం పట్టింది. నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. కాఫీ తోట జీపు కిందికి వెళ్తుంటే, విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తానని అడిగింది. మీ నాన్న పిల్లాడిని ఆమె చేతుల్లో పెట్టి, బతికితే నీ దగ్గరే ఉంచుకో, ఇక్కడికి తేవద్దు, తెస్తే వీడు కూడా పోతాడు అన్నాడట.

“ఆయన ఏడుస్తూ అన్న మాట అది,” అంది అమ్మ. “ఆ మాట పట్టుకుని ఉండిపోకూడదని నాకు తెలుసు. నువ్వు కోలుకున్నాక తిరిగి వెళ్దామనే అనుకున్నాను. ఈలోగా నువ్వు నన్ను అమ్మా అన్నావు. ఆ తర్వాత నేను కొండవైపు చూడలేదు. మీ నాన్న కాకినాడ నుంచి హైదరాబాద్‌కి బదిలీ అడిగి తెచ్చుకున్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు వెళ్తావు.”

నర్సు వచ్చి పేరు పిలిచింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. డాక్టరు ఏ అక్షరాలు కనపడుతున్నాయని అడిగితే ఒక్కటీ తప్పు లేకుండా చదివింది.

నేను రాసిన కఠినమైన మాటలు మీరు ఎలా మోశారో తెలియదు. ఇప్పుడు మిమ్మల్ని ఏమని పిలవాలో కూడా తెలియదు. ఆమె చెప్పింది నిజమేనా? మీ నాన్నగారిని అడిగి రాయండి. ఇంత జరిగాక ఆమె మాట ఒక్కటే నమ్మడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

భార్గవ్

*

వెలగపుట్టు
జూలై

భార్గవ్‌కి,

నీ ఉత్తరం నాన్న పక్కన కూర్చుని గట్టిగా చదివాను. ఈసారి గోడవైపు తిరగలేదు. ఆయన అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

“నానే ఇచ్చీసినాను. బతకాలని ఇచ్చీసినాను. నీకు ముసలి ఎత్తుకుపోనాదని సెప్పినాను. నేకపోతే నువ్వు ఎతుక్కుంటా ఎలిపోతావు. ఇద్దరూ నేకపోతే నాను ఎలా బతకాల?”

అంటే ముసలికి జవాబు చెప్పింది మా నాన్నే. ఆమె రోజూ వింటున్నదే అయినా, పిల్లాడు ఏడిస్తే ఆ మాటే అనమని చెప్పి పంపాడట.

నా పుస్తకంలో ఉన్న దెయ్యాలన్నీ ఇలా ఎవరో ఒకరు పిల్లల్ని ఆపడానికి చెప్పినవేనేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. రాతిలోకి నడిచి వెళ్లిన పెళ్లికూతురు నిజానికి ఎక్కడికి వెళ్లిందో.

మీ అమ్మ చెప్పింది నిజమే. నిజమైనంత మాత్రాన నాకు కోపం పోలేదు. వెతుక్కుంటూ రావడానికి ఆమెకి దారి తెలుసు, ఊరు తెలుసు, చదువు తెలుసు. మాకు అవేమీ తెలియవు.

రా. వానలు తగ్గాక రా. నాన్న ఎన్నాళ్లుంటాడో చెప్పలేను. ఆమె వస్తానంటే ఆపను. నేను ఆమెతో మాట్లాడతానో లేదో మాత్రం ఇప్పుడే మాటివ్వను.

స్వరాజ్యం

*

అమీర్‌పేట
అక్టోబరు

అక్కకి,

అమ్మా, హరిణీ, నేనూ క్షేమంగా చేరాం. ఘాట్ దిగుతున్నంతసేపూ హరిణి మీ ఇంటి పసుపు పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అక్కడ ఉన్నప్పుడు చెప్పలేకపోయినవి కొన్ని ఉన్నాయి. నాన్న నా మణికట్టు పట్టుకుని కూర్చున్నంతసేపూ నాకు ఏదో ఒకటి అనిపించాలని చూశాను. ఏదీ గుర్తు రాలేదు. ఆ ఇల్లు, ఆ వాసన, ఆ గట్టు, ఏదీ. కొత్త ఊరు చూసినట్టే చూశాను. ఆయన అది కనిపెట్టి ఉంటాడని బాధగా ఉంది. మేం బయల్దేరేటప్పుడు మాత్రం “నా ముక్కే ఈడికి” అని హరిణితో అన్నాడు. అది చాలనుకున్నాను.

ఇప్పుడు నన్ను తొలుస్తున్నది వేరే. రెండో రోజు మీ బడి పిల్లలు నన్నూ హరిణినీ కాఫీ తోట చూపిస్తామని లాక్కెళ్లారు కదా. అప్పుడు అమ్మా నువ్వూ వసారాలో ఉన్నారు. మేం తిరిగి వచ్చేసరికి నువ్వు లోపల ఉన్నావు, ఆమె బయట నిలబడి ఉంది. అప్పటినుంచి అమ్మ ఆ సంగతి ఎత్తితే మాట మార్చేస్తోంది. “మేం మాట్లాడుకున్నాంలే” అంటుంది. ఏం మాట్లాడుకున్నారు? నువ్వు ఆమెను ఏమైనా అన్నావా? అన్నా నేను తప్పు పట్టను. ఆమె నిన్ను ఏమైనా అడిగిందా? మళ్లీ నా వెనక ఏదో ఉందంటే నేను తట్టుకోలేను.

భార్గవ్

*

వెలగపుట్టు
నవంబరు

తమ్ముడికి,

నీకు గుర్తు రాకపోవడం నాన్నకి తెలుసు. రెండేళ్ల పిల్లాడికి ఏం గుర్తుంటుందని ఆయనే నాతో అన్నాడు. దాని గురించి బాధపడకు. ఇప్పుడు రోజూ గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్లకి నీ ఉద్యోగం గురించి చెబుతున్నాడు. తనకి అర్థమైనట్టు చెబుతున్నాడు. ఊళ్లో సగం మంది నువ్వు కరెంటు ఆఫీసులో చేస్తున్నావనుకుంటున్నారు.

వసారా సంగతి అడిగావు. దాచను.

మీరు గట్టెక్కి కనపడకుండా పోయారు. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఆమె అడగకుండానే చాటలోకి చెయ్యి పెట్టి ఒలవడం మొదలుపెట్టింది. వద్దందామనుకున్నాను, అనలేదు. కాసేపటికి నేనే అడిగాను. నిన్నెందుకు తీసుకెళ్లిందని కాదు. అది ఉత్తరాల్లో అయిపోయింది. ఇన్నేళ్లూ నేను అడగాలనుకున్నది అది కాదని నాకే అప్పుడు తెలిసింది.

“నన్నెందుకు తీసుకెళ్లలేదు?” అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. చాలాసేపు ఆలోచిస్తుందనుకున్నాను. ఆలోచించలేదు. “నీకు జ్వరం రాలేదు” అంది.

లేచి లోపలికి వెళ్లిపోయాను. ఏ మనిషైనా ఇంకో మాట చెబుతుంది. జీపులో చోటు లేదంటుంది, మీ నాన్నకి తోడు కావాలనుకున్నానంటుంది. నన్ను ఓదార్చడానికి చిన్న అబద్ధమైనా ఆడలేదు. లోపల గోడని చూస్తూ కోపంతో నిలబడ్డాను. తర్వాత, నాన్న నుంచి మొదలుపెట్టి ఇప్పటిదాకా ఎవరూ నాకు ఇంత సూటిగా జవాబు చెప్పలేదని తోచింది.

గుమ్మం బయటినుంచే ఆమె ఇంకో మాట అంది. “జీపు వెనక వాగు దాకా పరిగెత్తుకొచ్చావు. నేను తిరిగి చూశాను. ఆపమని అనలేదు.”

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నీకూ రాయలేదు. నీళ్లకి వెళ్లి వచ్చేసరికి తమ్ముడు లేడనే రాశాను. కథలోనూ అంతే. నీళ్లబిందె వదిలేసి పరిగెత్తాను. జీపు చూశాను, ఆమె చీర చూశాను, నీ కాలు చూశాను. ఇంటికొస్తే నాన్న ముసలి అన్నాడు. ముసలే అనుకోవడం నాకు తేలికైంది. టీచరమ్మ నన్ను వదిలేసి వెళ్లిందనుకోవడం కంటే దెయ్యం వచ్చిందనుకోవడం తేలిక. ఆమె నాకు పేరు పెట్టిన మనిషి. మా అమ్మ పోయాక నా జడ వేసిన మనిషి.

అంతే జరిగింది. మీరు వచ్చేసరికి ఆమె అలాగే బయట నిలబడి ఉంది. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె నన్ను క్షమించమని అడగలేదు. అడగనందుకు నాకు ఆమె మీద కొంచెం నమ్మకం కుదిరింది.

ఆమెకి మళ్లీ రావాలని ఉంటే రమ్మను. విశాఖపట్నం దాకా రైలు ఎక్కించు, అక్కడినుంచి నేను తీసుకొస్తాను. నువ్వు రావద్దు. నువ్వు పక్కనుంటే ఇద్దరం మంచివాళ్లలా మాట్లాడతాం.

స్వరాజ్యం